నల్లరేగడి ఊళ్లు, ఎర్రనేల పల్లెలు: సీమలో జనావాసాలు ఇలా ఎందుకు ఏర్పడ్డాయి?

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

సభ్యులకు నమస్కారం. కోయిలకుంట్ల నుండి జమ్మలమడుగు వైపు పోయేటప్పుడు ఊరికీ ఊరికీ నడుమ మైళ్ల కొద్దీ చేలే తప్ప ఒక్క ఇల్లు కూడా కనబడదు. ఊరు వచ్చిందంటే మాత్రం వందల మిద్దెలు గోడకు గోడ ఆనుకొని ఒక్కచోటే ఉంటాయి. అదే కదిరి నుండి రాయచోటి వైపు పోతే పది ఇళ్లు ఒక గుట్ట కింద, పదిహేను ఇళ్లు ఒక వంక పక్కన, మరికొన్ని ఒక బావి చుట్టూ చెదిరి ఉంటాయి. రెండూ సీమ ప్రాంతాలే, రెండు చోట్లా వాన అంతంతమాత్రమే.

గుంపుగా ఉండే ఆవాసాలు దండుల భయం వల్ల, దొంగల భయం వల్ల ఏర్పడ్డాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కదిరి, రాయచోటి సీమల్లోనూ పాలెగాళ్లు ఉన్నారు, అక్కడా దండులు తిరిగాయి. మరి అక్కడి జనం ఎందుకు ఒక్కచోట గుంపు కట్టలేదు? నేల తెలిసినవారు, పాత రికార్డులు చూసినవారు వివరించగలరు.

గుత్తి బురుజు (అనంతపురం)

రక్షణ అన్న కారణాన్ని అంత తేలికగా తోసిపుచ్చలేము. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర పాలకులు పెనుకొండకు చేరినప్పటి నుండి 1800లో నిజాము ఈ జిల్లాలను ఈస్టిండియా కుంఫిణీకి దత్తం చేసేదాకా ఈ నేల మీద నిలకడైన ప్రభుత్వం లేదు. బీజాపూరు, గోల్కొండ, మొగలులు, మరాఠాలు, కడప నవాబులు, హైదరు, టిప్పు ఒకరి తరువాత ఒకరు వచ్చి కప్పం వసూలు చేసుకున్నవారే. 1800 నుండి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో చేయవలసి వచ్చిన మొదటి పని సుమారు ఎనభై మంది పాలెగాళ్లను అణచడమే.

గుత్తి, ఆదోని, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ఊరి నడుమ గుండ్రటి బురుజు ఉన్న గ్రామాలు ఇప్పటికీ కనబడతాయి. దండు వస్తున్నదని తెలియగానే ఆడవారు, పిల్లలు, ధాన్యం ఆ బురుజులోకి చేరేవారు. ఇళ్లను చూసినా అదే ఆలోచన తెలుస్తుంది. వీధి వైపు కిటికీ ఉండదు, వెలుతురు అంతా మిద్దె పైనుండి గవాక్షి గుండానే రావాలి, మిద్దెల మీదుగానే ఊరి ఈ కొస నుండి ఆ కొసకు పోవచ్చు. పొలంలో ఒంటరిగా ఇల్లు కట్టుకొనే ధైర్యం ఆనాడు ఎవరికి ఉంటుంది?

నాగటిచాలు (జమ్మలమడుగు)

బురుజులు ఉన్నమాట నిజమే. అయితే బురుజు కట్టుకోవడానికి ముందే అక్కడ పెద్ద ఊరు ఉండాలి కదా! పది ఇళ్ల పల్లె బురుజు కట్టలేదు. భయం ఊరిని గట్టిపరిచి ఉండవచ్చును గాని, ఊరిని అక్కడికి తెచ్చింది నేల స్వభావమని నా అభిప్రాయం. కొంచెం వివరంగా చెబుతాను.

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దాని మీద మట్టిగోడ లేపితే రెండు మూడేళ్లలో బీట పడుతుంది. అందువల్ల ఇల్లు కట్టదగిన గరుసునేల, రాతినేల ఎక్కడ ఉంటే అక్కడే ఊరు కట్టాలి, అటువంటి చోట్లు రేగడి మైదానంలో చాలా తక్కువ. రెండవది తాగునీరు. రేగడి కింద చాలా చోట్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి, బావి తవ్వితే ఒడ్లు విరిగి పడతాయి. మంచినీళ్ల బావి ఒకటి దొరికిందంటే చుట్టుపట్ల జనమంతా దాని దగ్గరకే చేరవలసి వచ్చేది.

మూడవదాన్ని పుస్తకాలు సాధారణంగా వదిలేస్తాయి. రేగడిలో పండేది జొన్న, పత్తి, శనగ. అవి వాన వెలిశాక నేలలో నిలిచిన తేమతోనే పండుతాయి. గొర్రుతో విత్తనం వేసి, గుంటక తోలి, కోతకాలంలో మంచె మీద కావలి ఉంటే చాలు. మిగిలిన రోజుల్లో రైతుకు పొలంలో పని ఉండదు కాబట్టి, పొలం మూడు మైళ్ల దూరంలో ఉన్నా సేద్యం సాగుతుంది. పైగా రేగడిలో లోతుగా పాతుకున్న గరికను పెళ్లగించడానికి నాలుగైదు జతల ఎద్దులను కట్టి పెద్ద మడక దున్నాలి. అన్ని ఎద్దులు ఒక్క ఇంట్లో ఉండవు కనుక ఇంటికొక జత కలుపుకొనేందుకు నలుగురు రైతులు ఒకే ఊళ్లో ఉండడం అవసరం.

ఎర్రనేలలో ఇది పూర్తిగా తలకిందులవుతుంది. అక్కడ వానతేమ నిలవదు, పంట కావాలంటే బావి తవ్వి కపిల (ఎద్దులతో నీళ్లు తోడే తోలుమోట) తోలాలి. కపిల తోలేవాడు తెల్లవారుజామున ఎద్దులను కట్టి, ఎండ ముదిరాక విప్పి, సాయంత్రం మళ్లీ కట్టాలి. అంత పని ఉన్నవాడు మూడు మైళ్ల దూరంలో కాపురం ఉండలేడు. కనుక బావి ఎక్కడో ఇల్లు అక్కడే. అన్నదమ్ములు విడిపోయి ఇంకొక బావి తవ్వుకుంటే అక్కడ ఇంకొక పల్లె పుడుతుంది. కదిరి, రాయచోటి వైపు ఎన్నో పల్లెల్లో ఇళ్లవారందరూ ఒకే ఇంటిపేరువారు కావడానికి కారణం ఇదే.

ఊరవతలి వాడ (ప్రొద్దుటూరు)

నీరు, నేల, భయం అని మూడూ చెప్పారు, ఊరి పటంలో అన్నిటికన్నా స్పష్టంగా కనబడే గీతను మాత్రం ఎవరూ ప్రస్తావించలేదు. గోడకు గోడ ఆనుకొన్న మిద్దెల గుంపు అని మీరు వర్ణించిన ఊరు అక్కడితో ముగియదు. మధ్యలో కొంత ఖాళీ విడిచి, అవతల మాలపల్లె, మాదిగపల్లె ఉంటాయి. మంచినీళ్ల బావి జనాన్ని ఒక్కచోటికి చేర్చిందని నాగటిచాలు గారు అన్నారు. ఆ బావిలో చేద వేసే హక్కు అందరికీ ఉండేది కాదు. దండు వచ్చినప్పుడు బురుజులో చోటు దొరకనివారు ఎవరో కూడా ఆలోచించాలి. సేద్యానికి, చావుకబురుకు, కావలికి అవసరమైన మనుషులను పిలుపు అందేంత దగ్గరగా, ముట్టుకోలేనంత దూరంగా ఉంచిన ఏర్పాటు అది. ఎర్రనేలలో పల్లెలు విడివిడిగా ఉండడం వల్ల ఈ గీత కొంత మసకగా కనబడుతుంది గాని, అక్కడా అది లేకుండా లేదు.

నాగటిచాలు (జమ్మలమడుగు)

మీరు చెప్పినది ఈ చర్చకు అవసరమైన మాట. రేగడి సేద్యానికి కలుపు, కోత కాలాల్లో ఒక్కసారిగా ఎక్కువమంది కూలీలు కావాలి, తక్కిన నెలల్లో అక్కరలేదు. పెద్ద ఊరు అంటే పెద్ద కూలివాడ కూడా అన్నమాట.

చెరువుకట్ట (అనంతపురం)

రెండు రకాల నేలల గురించే మాట్లాడుతున్నారు, మూడవ రకం ఒకటుంది. అది చెరువు కింది ఊరు. బావి పల్లెను ఒక కుటుంబం పుట్టించగలదు, చెరువు ఊరు పుట్టాలంటే మాత్రం ప్రభుత్వమో ధనవంతుడో పూనుకోవాలి.

అనంతపురమే దీనికి మంచి ఉదాహరణ. పద్నాలుగవ శతాబ్దంలో, బుక్కరాయల కాలంలో చిక్క ఒడయరు పండమేరుకు అడ్డంగా కట్ట వేయించి, చెరువు రెండు కొసల్లో రెండు ఊళ్లు కట్టించాడు. ఒకటి బుక్కరాయసముద్రం, రెండవది అనంతసాగరం, అంటే నేటి అనంతపురం. ముందు కట్ట, తరువాత ఊరు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం దీనికన్నా ఎక్కువ విషయాలు చెబుతుంది. 1369 నాటి ఆ శాసనంలో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు చెరువు కట్టించిన సంగతితో పాటు, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెక్కి ఉన్నాయి. వేయి మంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ల పాటు పనిచేసినట్లు అందులోనే ఉంది. చెరువు నిలవాలంటే ఏటా మరమ్మతు కావాలి కనుక, ఆ పని చూసేవారికి దశబంధ ఇనాములు (మాన్యపు భూములు) ఇచ్చేవారు. నీరు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. రెడ్డి, కరణం, తలారి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మంగలి, చాకలి మొదలైన ఆయగాళ్ల వరుసలో అతనికీ కళ్లంలో మేర (ధాన్యంలో వాటా) ఉండేది. ఇంతమంది వృత్తిపనివారిని పోషించగల పంట వచ్చేది పెద్ద రేగడి ఊళ్లలోనూ చెరువు ఊళ్లలోనూ మాత్రమే. ఎర్రనేల పల్లెలో కమ్మరి కావాలంటే పక్క ఊరికి పోవలసిందే.

పటాల పిచ్చి (కడప)

క్రిస్టాలర్ అనే జర్మన్ భూగోళ శాస్త్రవేత్త 1933లో దక్షిణ జర్మనీ పట్టణాలను పరిశీలించి, నేల అంతా సమతలంగా, ఒకే తీరుగా ఉంటే చిన్న ఊళ్ల నడుమ పెద్ద ఊళ్లు ఆరుకోణాల అమరికలో ఏర్పడతాయని సిద్ధాంతీకరించాడు. ఆ సమతలం మనకు కుందూ లోయలో కొంత దొరుకుతుంది గాని, నల్లమల, ఎర్రమల, పాలకొండల నడుమ ఆరుకోణాలు వెదకడం వృథా శ్రమ.

బేచిరాకు (కర్నూలు)

రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించాను కనుక రికార్డుల సంగతి చెబుతాను. రికార్డుల్లో లెక్కకు వచ్చేది రెవెన్యూ గ్రామం. దాని హద్దుల్లో ఇళ్లున్న చోటును గ్రామకంఠంగా చూపుతారు, ప్రధాన ఊరు కాక విడిగా ఉన్న పల్లెలను మజరాలు అంటారు. రేగడి తాలూకాల్లో ఒక రెవెన్యూ గ్రామానికి ఒకే ఊరు ఉండడం సాధారణం. కదిరి వైపు ఒక్క రెవెన్యూ గ్రామం కింద పది, ఇరవై మజరాలు ఉండడమూ అంతే సాధారణం. నాగటిచాలు గారు చెప్పిన తేడా రికార్డు తెరిస్తే చాలు, కనబడుతుంది.

ఇక మూడవ తరగతి, నా పేరుగా పెట్టుకొన్నది. హద్దులు, సర్వే నంబర్లు, శిస్తు అన్నీ ఉండి, ఒక్క మనిషి కూడా కాపురం లేని గ్రామాన్ని బేచిరాకు గ్రామం అంటారు. పొలాలను పక్క ఊరివారు సాగు చేసుకొంటూ ఉంటారు, పాడుబడిన గుడో బురుజో మిగిలి ఉంటుంది. కొన్ని దండుల వల్ల, కొన్ని కలరా, మశూచి వల్ల, మరికొన్ని కరవుల వల్ల అలా అయ్యాయి. అన్నిటిలోకి పెద్ద దెబ్బ 1876–78 నాటి ధాత కరవు. 1871 లెక్కలతో పోలిస్తే 1881లో కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగోవంతు తగ్గిపోయింది. ఊళ్లు నెమ్మదిగా పెరుగుతూ పట్నాలవుతాయనే కథ మన జిల్లాలకు సరిపడదు. ఇక్కడ ఊళ్లు పుట్టడం ఎంత మామూలో పాడుపడడమూ అంతే మామూలు.

కుంఫిణీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులు (ఊళ్ల చరిత్రలు) చదివినా ఇదే తీరు. అడవిగా ఉన్న చోట ఎవరో వచ్చి చెట్లు నరికి, చెరువు కట్టి, పల్లె ఏర్పరచడం, తరువాత అది ఖిలపడడం (పాడుపడడం), మరొకరి హయాములో కౌలు ఇచ్చి రైతులను తిరిగి పిలిపించడం, ఈ మూడూ ఊరి తరువాత ఊరికి వస్తూనే ఉంటాయి.

గుత్తి బురుజు (అనంతపురం)

బేచిరాకు గారు దండుల మాట ఎత్తినందుకు సంతోషం. రేగడి ఊళ్లలో వీధుల కిందనే జొన్న పాతరలు తవ్వి ధాన్యం దాచడం కూడా రక్షణ కోసమే కదా.

నాగటిచాలు (జమ్మలమడుగు)

కొంతవరకు అవును. అయితే పాతర తవ్వాలంటే చెమ్మ ఊరని గట్టినేల కావాలి. ఊరు ఉన్న గరుసు దిబ్బ మీదనే అది సాధ్యం. నేల ఒప్పుకున్న చోటనే భయం తన పని చేసింది.

పనిలో పనిగా ఇంకొకటి. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల నుండి కడప దాకా కాలువ తవ్వింది. అదే మన కె.సి. (కర్నూలు–కడప) కాలువ. పడవలు నడవాలి, పొలాలు తడవాలి అన్నది వారి లెక్క. రేగడి రైతులు ఆ నీటిని తీసుకోవడానికి ముందుకు రాలేదు. వానతేమతో జొన్న పండుతుంటే నీటితీరువా కట్టి రేగడిని తడపడం ఎందుకన్నది వారి వాదం. కంపెనీ నష్టపోయి, చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొన్నది. నీరు వస్తే జనం నీటి దగ్గరకు పరుగెత్తుతారన్న దొరల అంచనా ఈ నేల మీద తప్పింది. వరి, దాని వెంట కాలువ పొడవునా కొత్త ఇళ్లు, ఇవన్నీ తరువాతి కాలపు మార్పులు.

రైలుకట్ట (గుంతకల్లు)

పట్నాల గురించి ఎవరూ మాట్లాడలేదు. సీమలో పాత పట్నాలు రాజధానులో కోటలో. పెనుకొండ, గండికోట, గుత్తి, సిద్ధవటం అలాంటివే. సిద్ధవటం 1808 నుండి 1812 దాకా జిల్లా కేంద్రంగా కూడా ఉన్నది. ప్రభుత్వం కదలగానే ఇవి ఊళ్లుగా కుంచించుకుపోయాయి. పంతొమ్మిదవ శతాబ్దంలో పట్నాన్ని నిలబెట్టినవి కచేరీ, రైలు. మద్రాసు నుండి రాయచూరు దాకా మార్గం 1871 నాటికి పూర్తయింది. కోట లేని, నది లేని గుంతకల్లు జంక్షను వల్లనే పట్నమయింది. పాత ఊరు ఒక పక్కన, రైల్వే కాలనీ ఇంకొక పక్కన ఉండడం నేటికీ చూడవచ్చు. రైలు ఇచ్చినది రైలే తీసుకున్న ఉదాహరణ నందలూరు. బొగ్గు ఇంజన్ల కాలంలో లోకో షెడ్డు వల్ల కళకళలాడిన ఊరు, ఆ ఇంజన్లు పోగానే వెలవెలబోయింది. పత్తి వ్యాపారం ఉన్న ఆదోని, ప్రొద్దుటూరు మాత్రం కచేరీ మీద ఆధారపడకుండా పెరిగాయి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

కర్నూలు సంగతి నేను కలుపుతాను. పాత ఊరు తుంగభద్రకూ హంద్రీకీ నడుమ కోటలో ఉంది. రెండు నదుల నడుమ ఉండడం శత్రువు నుండి కాపాడింది, వరద నుండి కాపాడలేదు. 2009 అక్టోబరు వరదలో మునిగి ఎక్కువ నష్టపోయింది ఆ పాత బస్తీయే. ఊరు హంద్రీ దాటి విస్తరించడానికి పెద్ద ఊతం 1953 అక్టోబరు 1న వచ్చింది. ఆంధ్ర రాష్ట్ర రాజధాని కాగానే కచేరీలకు చోటు చాలక గుడారాలు వేశారు, ఉద్యోగుల నివాసాలకు క్యాంపులు ఏర్పరచారు. 1956లో రాజధాని హైదరాబాదుకు పోయింది. ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు మాత్రం పేటలుగా నిలిచిపోయాయి. శివారు అనగానే రైలెక్కి పనికి వెళ్లే లండను నమూనా గుర్తుకొస్తుంది, మన మొదటి శివార్లు సర్కారు ఉద్యోగుల క్వార్టర్లు.

చెరువుకట్ట (అనంతపురం)

నేటి శివార్ల కథ వేరు. అనంతపురం నగరపాలక సంస్థ హద్దును ఆనుకొని పాపంపేట, రుద్రంపేట, నారాయణపురం, కక్కలపల్లి పంచాయతీలు ఉన్నాయి. అపార్టుమెంట్లు, కల్యాణమండపాలు అన్నీ ఉన్నా చట్టం ప్రకారం అవి పల్లెలు. జనగణన వారికి వేరే కొలత ఉంది. 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది సాంద్రత, ప్రధానంగా పనిచేసే మగవారిలో 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండడం, ఈ మూడూ కుదిరితే పంచాయతీ అయినా దాన్ని పట్టణంగా లెక్కిస్తారు. ఇంటిపన్ను తక్కువ, కట్టడాల మీద అజమాయిషీ తక్కువ, స్థలం ధర తక్కువ. ఇవన్నీ జనాన్ని హద్దు అవతలకు లాగుతాయి. మురుగుకాలువ, తాగునీటి పైపు మాత్రం హద్దు ఇవతలే ఆగుతాయి.

2011 లెక్కల ప్రకారం పట్టణ జనాభా అనంతపురం, కర్నూలు జిల్లాల్లో 28 శాతం, కడపలో 34 శాతం. ఈ అంకెలు చూసి సీమ ఇంకా పల్లెసీమే అనుకోవడంలో కొంత పొరపాటు ఉంది. పల్లెలో ఇల్లు, రేషను కార్డు ఉంచి ఏడాదిలో ఎక్కువ నెలలు బెంగళూరులోనో కువైట్‌లోనో గడిపేవారిని ఏ లెక్కలో వేయాలి? కోసిగి వైపు నుండి సుగ్గికి (కోతకాలపు వలసకూలికి) గుంటూరు మిరపచేలకు పోయేవారి ఇళ్లకు ఆ నెలల్లో తాళాలే ఉంటాయి.

ముంపు ఊరు (కడప)

ప్రభుత్వం కట్టిన మరొక రకం ఊళ్లు కూడా ఉన్నాయి. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు జిల్లా ఊళ్లు, సోమశిల వెనకజలాల్లో అట్లూరు వైపు ఊళ్లు, ఇటీవల గండికోట కింద తాళ్లప్రొద్దుటూరు మునిగాయి. పునరావాస కాలనీలు గళ్లగళ్లుగా తాడు పట్టి గీసినట్లు ఉంటాయి. వాటిలో గడ్డివామికి, దొడ్డికి, కళ్లానికి చోటు ఉండదు. సేద్యగాళ్లకు ఉద్యోగస్థుల కాలనీ కట్టి ఇచ్చారు. మా వాళ్లు పశువులను అమ్ముకోవడానికి పరిహారం, వయసు ఎంత కారణమో ఆ ఇంటి పటమూ అంతే కారణం.

కపిలబావి (కదిరి)

ఎర్రనేల పక్షం నుండి ఒక మాట. బావే పల్లెను పుట్టించిందని నాగటిచాలు గారు అన్నది మా వైపు పూర్తిగా నిజం. ఆ బావులు ఎండిపోయాయి. కరెంటు మోటార్లు వచ్చాక కపిల పోయింది, బోర్లు వచ్చాక బావి పోయింది. బోరు వేసినవాడు పొలంలో కాపురం ఉండనక్కరలేదు, ఆటోమేటిక్ స్టార్టరు పెట్టుకొని మండల కేంద్రంలో ఇల్లు కట్టుకొంటాడు. బోరు వేయలేనివాడు వానకు వేరుశనగ వేసి, అది ఎండితే బెంగళూరు బస్సెక్కుతాడు. ఇద్దరూ పల్లెను వదిలినవారే. మీ రేగడి ఊరు రెండు వందల ఇళ్లు తగ్గినా ఊరుగానే ఉంటుంది. పన్నెండు ఇళ్ల పల్లెలో ఎనిమిది ఇళ్లవారు పోతే బడి మూతపడుతుంది, బస్సు ఆగదు, మిగిలిన నాలుగు ఇళ్లవారూ కదలక తప్పదు.

బేచిరాకు (కర్నూలు)

కపిలబావి గారు చెప్పిన పల్లెలు రికార్డుల్లో బేచిరాకుగా కూడా కనబడవు. బేచిరాకు అని రాసేది రెవెన్యూ గ్రామానికే, మజరాలు పాడుబడితే ఆ మాట ఎక్కడా నమోదు కాదు. పాత తాలూకా పటాల్లో మాత్రం మజరాలను గుర్తులతో చూపేవారు. కదిరి తాలూకా పాత పటం ఎవరి దగ్గరైనా ఉంటే, నేటి ఉపగ్రహ చిత్రంతో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఒక్క రెవెన్యూ గ్రామం తీసుకొని మొదలుపెడదాం, బావుల గుర్తులు కూడా ఆ పటంలో ఉంటే మరీ మంచిది.

కపిలబావి (కదిరి)

పటం నేను సంపాదిస్తాను. మా రెవెన్యూ గ్రామంతోనే మొదలుపెడదాం. ఏ బావి ఏ ఇంటివారు తవ్వించారో చెప్పగల పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు, పటం చేతికి రాగానే వారి దగ్గర కూర్చొని రాసుకొస్తాను.